అమ్మకు చెంబెడు నీళ్ళు

లక్ష్మక్క చచ్చిపోయి ఏడాది నిండకముందే బాత్రూం గోడ మీదికి వచ్చింది. మొదట చూసింది కొడుకు కుళ్ళాయప్పే. డ్రమ్ముకు పైన, అరచేయంత నల్ల మచ్చ. నెల తిరిగేసరికి దానికి తల వచ్చింది, వంగిన వీపు వచ్చింది, నడుం మీద బిందె కూడా వచ్చింది.

"సూడు, మాయమ్మే," అన్నాడు పెళ్ళాంతో.

"బతికున్నప్పుడు నీళ్ళు పోసుకోమంటే పోసుకోకపాయ," అంది తిరుపాలమ్మ. "ఇప్పుడు ఆడ్నే కాపురం పెట్టిందా?"

అన్నదే గానీ, ఆరోజు నుంచి ఆ గోడకు వీపు తిప్పి స్నానం చేయడం మానేసింది.

గుమ్మఘట్ట పక్క పల్లె అది. కొళాయి వారానికొకసారి వస్తుంది. అందుకని బాత్రూంలో మనిషి నిలబడే జాగా తప్ప మిగతాదంతా డ్రమ్ములూ బిందెలే. పైనున్న చిన్న కిటికీని లక్ష్మక్కే గోనెపట్టతో కుక్కి మూసింది. "గాలి నీళ్ళు తాగిపోతాదిరా," అనేది. ఆమె పోయాక ఆ గోనె తీయడానికి ఎవరికీ చేయి రాలేదు.

బతుకంతా నీళ్ళ కోసం నడిచిన మనిషి. చివరికి దగ్గి దగ్గి, గుక్కెడు నీళ్ళు కూడా దిగకుండా పోయింది. అది కుళ్ళాయప్పకు ముల్లులా గుచ్చుకునేది. అందుకే రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్ళు గోడ మీద చల్లేవాడు. "తాగమ్మా." గోడ తాగేది. మచ్చ పెరిగేది. అమ్మ ఒళ్ళు చేసిందని సంబరపడ్డాడు కూడా.

అప్పుడే కూతురు ఈశ్వరికి దగ్గు పట్టుకుంది. పదమూడేళ్ళ పిల్ల. స్నానం చేసి వస్తే చాలు, ఈల వేసినట్టు ఊపిరి. అది వినబడినప్పుడల్లా కుళ్ళాయప్ప గోడకేసి చూసేవాడు. అచ్చం ముసలామె దగ్గే, పిల్ల గొంతులోంచి.

"మనవరాల్ని పిలుస్తాండాది," అంది తిరుపాలమ్మ భయంగా. "దప్పి తీరలేదేమో."

మరుసటి రోజు నుంచి రెండు చెంబులు.

ఒక పొద్దున పిల్ల పెదాలు నీలం తిరిగాయి. రాయదుర్గం ఎత్తుకుపోయారు. డాక్టరమ్మ మూతికి గొట్టం పెట్టి మందు పీల్పించి, ఊపిరి కాస్త కుదుటపడ్డాక అడిగింది. "ఇంట్లో చెమ్మ ఉండాదా?"

కుళ్ళాయప్ప నవ్వాడు. "మా ఊర్లో ఇత్తనానికే చెమ్మ లేదు మేడమ్. ఇంట్లోకి యాడ్నుంచి వస్తాది?"

ఈశ్వరి మాట్లాడలేక ఫోన్ తీసి గోడ ఫోటో చూపించింది.

"ఇది బూజప్పా. తడికి పడతాది. గాలాడని గదిలో దీన్నే పీలుస్తాంటే ఇట్లాంటి పిల్లకు ఊపిరాడదు."

"అది మాయమ్మ మేడమ్."

ఆమె నవ్వలేదు. "మీయమ్మ ఎట్ల పోయింది?"

"దగ్గుతో. ఆయాసంతో..." ఆగిపోయాడు. ముసలామె నీళ్ళు పోసుకోవడానికి బయటికి పోలేకపోతోందని ఆ బాత్రూం కట్టించింది తనే. దగ్గు మొదలైంది ఆ తర్వాతే. "అంటే, మాయమ్మకు గూడా..."

"ఇప్పుడు నేను చెప్పలేనప్పా. ముందు పిల్ల సంగతి చూడు."

ఇంటికి రాగానే ఈశ్వరిని వీధి అరుగు మీద కూర్చోబెట్టారు. కుళ్ళాయప్ప గోనె పీకేశాడు. ఎండ లోపల పడింది. మూతికి టవలు బిగించుకుని, సబ్బునీళ్ళతో కాళ్ళ దగ్గర నుంచి రుద్దాడు. బిందె పోయింది. వీపు పోయింది. తల దగ్గర చేయి లేవలేదు.

"జరుగు, నేను రుద్దుతా," అంది తిరుపాలమ్మ.

"వద్దు. నేనే." బ్రష్షు ఎత్తాడు. "అమ్మా, నన్ను తిట్టుకో. పిల్లను ఇడ్సిపెట్టు."

తల కూడా పోయింది. గోడ బోడిగా మిగిలింది. ఇక మిగిలింది పెద్ద డ్రమ్ము. బాత్రూం కట్టినప్పటి నుంచి దాన్ని కదిపినవాళ్ళు లేరు. నీళ్ళన్నీ బిందెలతో తోడి పక్కిళ్ళకు ఇచ్చి, ఇద్దరూ కలిసి బయటికి దొర్లించారు. తిరుపాలమ్మ దాన్ని ఎండలో పెట్టడానికి పోయింది. కుళ్ళాయప్ప వెనక్కి తిరిగి చూశాడు.

డ్రమ్ము వెనక గోడ నేల నుంచి నడుం దాకా నల్లగా ఉంది. నిన్నటిదీ మొన్నటిదీ కాదు. పొర మీద పొర, గొర్రెబొచ్చులా దట్టంగా, ఏళ్ళ నాటిది. దానికి తలా లేదు, వీపూ లేదు. ఎవరి పోలికా లేదు.

"ఏముండాది ఆడ?" బయట నుంచి తిరుపాలమ్మ అడిగింది.

"ఏం లేదులే."

"నాయనా, అయిపాయనా?" అరుగు మీద నుంచి ఈశ్వరి. మాట మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది.

"ఇంగ రోంత ఉండాది తల్లీ," అని, కుళ్ళాయప్ప మోకాళ్ళ మీద కూలబడి రుద్దసాగాడు.