ఫోటో ఎవరు తీశారు

మా తోటికోడలు ప్రణవి ఇండియా నుంచి షామ్‌బర్గ్‌లో తన ఇంటికి తిరిగొస్తూ సియోల్‌లో ఒక రోజు ఆగింది. మొగుడూ పిల్లలూ లేకుండా, ఒక్కతే. పొద్దున్నే లేచి చూస్తే ఫ్యామిలీ గ్రూప్ నిండా ఆమె ఫోటోలే. రాజుల ప్యాలెస్, మ్యూజియం, పెంకుటిళ్ల పాత వీధి. అన్నింట్లోనూ అద్దెకు తీసుకున్న గులాబీరంగు కొరియన్ పరికిణీ. అది వేసుకున్నవాళ్లకి ప్యాలెస్‌లో టికెట్ అక్కర్లేదట. "దిష్టి తీయించుకోమ్మా" అని మా అత్తగారు అప్పుడే రాసేశారు.

ఇక్కడ ప్లెయిన్స్‌బరోలో మా ఇంట్లో నేను దోసెలు పోస్తూ ఒక్కో ఫోటోనీ పెద్దది చేసి చూశాను. ఒక్కతే వెళ్తే ఇన్ని ఫోటోలు ఎవరు తీశారు? తీసినవాళ్ల నీడైనా పడిందేమోనని ప్యాలెస్ నేలంతా వెతికాను. దోసె మాడింది. ఆగలేక ఫోన్ చేశాను.

"దారిన పోయేవాళ్లని అడిగాను అక్కా. బాగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తీయించుకున్నా. నన్నెవరు గుర్తుపడతారక్కడ?" అంది ప్రణవి.

ఒళ్లు మండింది. నేను మాత్రం తిరగలేదా? గ్రూప్‌లో పెడదామని నా ఫోన్‌లో మంచి ఫోటో కోసం చూశాను. నయాగరా దగ్గర మా ఆయన, పిల్లలు, అత్తగారు. గ్రాండ్ కాన్యన్ దగ్గర మళ్లీ వాళ్లే. నేను ఎక్కడా లేను. తీసింది నేనే కదా. ఒక్కదాంట్లో మాత్రం, మా ఆయన బూట్ల మీద, ఫోన్ ఎత్తి పట్టుకున్న నా నీడ పడింది.

ప్రణవి ఫోటో కింద రాశాను: "డ్రెస్ కాస్త లూజైనట్టుంది."