లోపల వైపు బిళ్ళ

పలక మీద లెక్క సరిపోయింది. అందుకే తలుపు మూసేశారు.

కొండ కింద సొరంగం. దాని చివర, కొండల్నీ మనుషుల్నీ దూసుకుపోయే ఏదో కణాన్ని పట్టుకోవడానికి కట్టిన పెద్ద ట్యాంకు. ఆ కణాన్ని ఇంతవరకూ చూసినవాడు లేడు గానీ, దానికి దుమ్ము మాత్రం గిట్టదట. అందుకని కాంట్రాక్టు ఆడవాళ్ళు తెల్ల సూట్లు తొడుక్కుని గోడలూ గొట్టాలూ పొద్దస్తమానం తుడుస్తూ ఉంటారు. ఆ రోజు ట్యాంకులోని చల్లటి ద్రవం ఎక్కడో కారి, గ్యాసై, సొరంగంలో గాలిని తోసేసింది. సైరన్ మోగింది. సైంటిస్టులు, ఇంజనీర్లు, తుడిచేవాళ్ళు అందరూ ప్రాణాలు అరచేత పట్టుకుని బయటికి పరిగెత్తారు.

సొరంగం మొగదల ఒక పలక ఉంది. లోపలికి వెళ్ళే మనిషి తన పేరున్న ఇత్తడి బిళ్ళని ‘లోపల’ వైపు కొక్కేనికి తగిలించాలి, వచ్చాక ‘బయట’ వైపుకి మార్చాలి. లోపల వైపు ఖాళీ అయితేనే ఇనప తలుపు మూయాలి.

"మా చిన్నది రాలేదు! తలుపు తియ్యండయ్యా!" అని పెద్దక్క గొంతు చించుకుంది. తుడిచేవాళ్ళందరికీ ఆవిడ పెద్దక్క. చిన్నదంటే ఆవిడ తోడికోడలు. ఇద్దరూ పేరుకే తోడికోడళ్ళు, ఒక కంచంలో తిన్నవాళ్ళు.

సెక్యూరిటీ అతను పలక చూపించాడు. "అందరూ వచ్చేశారమ్మా. లోపల వైపు ఒక్క బిళ్ళన్నా ఉందా, నువ్వే చూడు."

ఎందుకుంటుంది? ఇవాళ ఉండి రేపు పోయే కూలీలకి పేర్లెందుకని కాంట్రాక్టరు ముఠా మొత్తానికీ ఒకటే బిళ్ళ ఇచ్చాడు. అది మేస్త్రీ జేబులో ఉంటుంది, అందరి తరఫునా అతనే తగిలిస్తాడు, మారుస్తాడు. మేస్త్రీ ముందుగా బయటపడి, అలవాటు కొద్దీ బిళ్ళ మార్చేశాడు. వెనక ఎవరున్నారో చూసుకోవాలన్న ధ్యాస అతనికి తర్వాత వచ్చింది. తలుపు మళ్ళీ తీసేసరికి చిన్నది ట్యాంకు కింద పక్కకి ఒరిగి ఉంది. చేతిలో తుడిచే గుడ్డ అలాగే ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఆ తర్వాత పడింది. చిన్నదాని పిల్లలకేమైనా ఇస్తారా అని అడగడానికి పెద్దక్క వెళితే, కాంట్రాక్టరు కుర్చీలోంచి కదలకుండానే చెప్పాడు. "పలక ప్రకారం మీ తోడికోడలు ఆ రోజు లోపలికే వెళ్ళలేదు. వెళ్ళని మనిషికి నేనేం ఇస్తాను?"

ట్యాంకు మళ్ళీ నింపే రోజు దగ్గరికొచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో అందరూ కూడారు. బెంచీలు చాలక సగం మంది నేల మీదే కూర్చున్నారు.

"పని ఆపేద్దాం!" అన్నాడు పైపుల ఫిట్టరు.

"నువ్వు ఆపితే రేపు పొద్దున్నే లారీలో ఇంకో ముఠాని దింపుతాడు. నీ పొయ్యిలో పిల్లి పడుకుంటుంది," అంది ఒకావిడ.

"అట్లాగని నోరు మూసుక్కూర్చుందామా? రేపు నువ్వు లోపలుంటావు, బిళ్ళ బయటుంటుంది!"

"అసలు ఈ మేస్త్రీని అడగండి ముందు!"

మేస్త్రీ మూలన తలొంచుకుని నిలబడ్డాడు. పెద్దక్క గోడకి ఆనుకుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. అరిచి అరిచి గొంతు పోయింది, ఏడ్చే ఓపిక కూడా అయిపోయింది. ఇంటికి వెళితే చిన్నదాని పిల్లలు మొహం వంక చూస్తారు. అందుకే ఆవిడకి ఇంటికి వెళ్ళాలనే ఉండటం లేదు.

"వాణ్ణి తిడితే వచ్చేదేముంది?" అంది. "ఇంతమందికీ కలిపి వాడి చేతిలో ఒకే బిళ్ళ పెట్టినవాడు వేరే ఉన్నాడు. ఒరే ఫిట్టరూ, ఇత్తడి ముక్క ఉందా నీ దగ్గర?"

"ఉంది పెద్దక్కా. దేనికి?"

"దాని మీద చిన్నదాని పేరు చెక్కు. ఆ పలక మీద రాసిందేగా, ఎవరి బిళ్ళ వాళ్ళే తీయాలి, ఇంకొకరు ముట్టుకోకూడదని? లోపల ఒక్క బిళ్ళున్నా ట్యాంకు నింపకూడదని? వాళ్ళ మాటే వాళ్ళకి అప్పజెబుదాం."

ఫిట్టరు మేకు తీసుకున్నాడు. "పేరు... ఏం పేరు?" అన్నాడు. గదిలో చాలామందికి తెలియదు. పెద్దక్క చెప్పింది.

నింపే రోజున డైరెక్టరు గారు పలక ముందు ఆగిపోయారు. లోపల వైపు ఒంటరిగా ఒక కొత్త బిళ్ళ. వెనక సైంటిస్టులు, ఎదురుగా తెల్ల సూట్లలో ముఠా మొత్తం.

"ఏమిటిది? తీసెయ్యండి."

ఎవరూ కదల్లేదు.

"మా చిన్నదే వచ్చి తీసుకుంటుంది సార్," అంది పెద్దక్క. "ఇంకా బయటికి రాలేదుగా."

"పోయిన మనిషమ్మా ఆవిడ."

"లోపలికే వెళ్ళలేదన్నారు కదా! వెళ్ళని మనిషి ఎక్కడ పోయింది సార్? అది లోపలికి వెళ్ళిందని మీ నోటితో చెప్పండి. మాలో మనిషికో బిళ్ళ ఇవ్వండి. అప్పుడు నేనే తీస్తాను."

డైరెక్టరు గారు బిళ్ళ తీయడానికి చెయ్యి చాచారు. వెనక నుంచి రీసెర్చి చేసే అమ్మాయి ముందుకొచ్చింది.

"ముట్టుకోకండి సార్. ఇవాళ మీరు ఆవిడది తీస్తే, రేపు నేను లోపలుండగా నాది ఎవరు తీస్తారో నాకేం తెలుసు? మీరది తీస్తే నేనింక లోపలికి వెళ్ళను."

సైంటిస్టుల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరిద్దరు ఆ అమ్మాయి పక్కకి జరిగారు. డైరెక్టరు గారి చెయ్యి వెనక్కి వెళ్ళింది. కాంట్రాక్టరుకి ఒళ్ళు మండింది.

"మేస్త్రీ! నీ ముఠాదేగా, నువ్వు తియ్యి! లేదంటే రేపటి నుంచి పనిలోకి రాకు!"

మేస్త్రీ పలక దగ్గరికి నడిచాడు. ముఠాలో ఎవరో ఛీ అన్నారు. పెద్దక్క కళ్ళు మూసుకుంది. అతను చిన్నదాని బిళ్ళని ముట్టుకోలేదు. జేబులోంచి ముఠా బిళ్ళ తీసి, దాని పక్క కొక్కేనికి తగిలించాడు.

"లెక్క తప్పు చెప్పాను సార్ ఆ రోజు," అన్నాడు. "మా ముఠా ఇంకా బయటికి రాలేదు."

పోలీసు వ్యాను వచ్చింది. పనికి అడ్డుపడుతున్నారని మేస్త్రీని, పెద్దక్కని ఎక్కించారు. పెద్దక్క బెంచీ మీద కూలబడింది. ఎన్నాళ్ళ అలసటో ఒక్కసారి మీద పడ్డట్టయింది. భయం వేయలేదని కాదు. చిన్నదాని పిల్లల్ని చూసుకుంటామని ఇద్దరు ముగ్గురు కిటికీ దగ్గరికొచ్చి చెప్పి వెళ్ళారు, అప్పటికి గుండె కాస్త కుదుటపడింది.

వ్యాను కిటికీ ఇనప జాలీ లోంచి చూస్తే, ఫిట్టరు నేల మీద కూర్చుని ఇత్తడి ముక్కలు కోస్తున్నాడు. రీసెర్చి అమ్మాయి మేకు పట్టుకుని చెక్కుతోంది. ఆడవాళ్ళు వరసగా నిలబడి ఒక్కొక్కరే తమ పేరు గట్టిగా చెబుతున్నారు. ట్యాంకు ఖాళీగానే ఉంది. వ్యాను కదిలింది.

పెద్దక్క లేచి జాలీ పట్టుకుంది. పోయిన గొంతుతోనే అరిచింది.

"ఒరే ఫిట్టరూ! నాదీ చెక్కరా!"

తన పూర్తి పేరు, సొరంగం దాకా వినపడేలా చెప్పింది.