సక్దాకు పర్సు

కోటు సక్దాది, దాన్ని తడిపే చెమట ప్రయూన్‌ది. ఈ అన్యాయం ప్రయూన్ కడుపులో ఏళ్ళ తరబడి కుళ్ళుతూనే ఉంది. ఆ ఆదివారం పొద్దున కూడా సందు మొగలో బండి సీటు తుడుస్తూ సక్దాను తిట్టుకుంటున్నాడు. వీపున అంకె ఉన్న నారింజరంగు కోటు లేనిదే ఆ బైకు టాక్సీ అడ్డాలో ఎవరూ కిరాయికి మనిషిని ఎక్కించుకోకూడదు. ఆ అంకె సక్దా పేరున ఉంది. సక్దా బండి నడపడం ఎప్పుడో మానేశాడు. పొట్ట పెంచుకుని, లాటరీ అంకెలు గుణించుకుంటూ కూర్చుని, సాయంత్రమయ్యేసరికి వచ్చి కోటు అద్దె పట్టుకుపోతాడు.

ఇప్పుడా మహానుభావుడు బ్యాంకాక్ వదిలి సురిన్‌లో పెళ్ళాం ఊరికి వెళ్ళిపోతున్నాడు. కోటు అమ్మేస్తాడట. ఎవరికిరా అంటే, పళ్ళ సందున పుల్ల తిప్పుకుంటూ "చూద్దాంలే" అంటాడు. అది దక్కకపోతే ప్రయూన్‌కు అడ్డా లేదు. అతనికి యాభై దాటాయి, చదువు ఏడుతో ఆగింది. పిలిచి పనిచ్చేవాడెవడు?

అడ్డాలో ఒక ఆనవాయితీ ఉంది. వెళ్ళిపోయేవాడికి మిగతావాళ్ళు చందాలేసుకుని టేకు చేప తోలు పర్సు కొనిస్తారు. ఆ సముద్రపు చేప తోలంతా పుట్టుకతోనే గట్టి పూసలు; నడుమ తెల్లటి పూసల మచ్చను కన్నంటారు. ఆ కన్ను డబ్బుకు కాపలా కాస్తుందని నమ్మకం. కాసిన దాఖలా ఎవడి దగ్గరా లేదు. అయినా కొంటారు.

"నువ్వే వెళ్ళన్నా. బుద్ధుడి బొమ్మకైనా వంక పెట్టేవాడివి, నిన్నెవడూ మోసం చెయ్యలేడు," అన్నాడు అడ్డాలో తోటివాడు చలోమ్, చందా డబ్బు చేతిలో పెడుతూ.

"వాడి మొహానికి ప్లాస్టిక్‌ది చాలదూ?"

అందరూ నవ్వారు. ప్రయూన్ నవ్వులాటకు అనలేదు.

సంతలో పర్సులమ్మే సుమొన్ కొట్టు ముందు పెద్ద బైకుల వాళ్ళు మూగి ఉన్నారు. వారమంతా ఆఫీసులో తల వంచుకుని, ఆదివారం మాత్రం పుర్రె బొమ్మల చొక్కాలేసుకుని రౌడీలయ్యే బాపతు. పర్సుకు వేలాడే గొలుసు ఎంత పొడుగుందో చూస్తున్నారు తప్ప, కుట్టు చూసేవాడు ఒక్కడూ లేడు.

"ఇది చూడు తమ్ముడూ, కన్ను ఎంత పెద్దదో!" అంది సుమొన్.

ప్రయూన్ బండి తాళంతో గీశాడు. రంగు పొట్టులా లేచింది. "ఆవు తోలు మీద అచ్చు గుద్దారు. నాకా చెప్తున్నావక్కా?"

"ఎరిగినోడివి, నన్నడగడమెందుకు? నువ్వే ఏరుకో!" అని సుమొన్ పకపకా నవ్వింది.

రెండోది అసలు తోలే. ఆవగింజలు పరిచినట్టు పూసలు గట్టిగా, చల్లగా ఉన్నాయి, తాళం గీత పడలేదు. కాని కుట్టు నడిచే దారిలో పూసలు అరగదీయలేదు. వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటే బండి అదురుకు ఆ పూసలే దారాన్ని కోసేస్తాయి. వానాకాలం దాటదు. ప్రయూన్‌కు తెగ నచ్చింది. సురిన్ దారిలో సక్దా డబ్బంతా గాలికి ఎగురుతున్నట్టు కళ్ళక్కట్టింది.

"ఇదే కట్టక్కా."

సుమొన్ గల్లాలోంచి ఒక బాత్ నాణెం తీసి పర్సులో వేసింది. "ఖాళీ పర్సు ఇవ్వకూడదయ్యా. బోణీ ఉండాలి."

ప్రయూన్ చెయ్యి ఆగింది. బండి సీటు కింద, ప్లాస్టిక్ సంచిలో, అతని పొదుపంతా, పదిహేడు వేల బాత్‌లు, వారం నుంచీ పడి ఉంది. కోటుకు బయానా అది. పదిమందిలో సక్దా ముందు చేతులు కట్టుకుని ఇవ్వడానికి మనసొప్పలేదు. అలా నిలబడ్డవాళ్ళను చూసి అతనెన్నోసార్లు ఎగతాళి చేశాడు. పర్సులో పెట్టేస్తే? నోరు విప్పక్కర్లేదు, వాడికీ అర్థమవుతుంది.

కాని తన డబ్బు మోసే పర్సు తెగిపోకూడదు. తీసుకున్నది వెనక్కిచ్చేసి, కొట్టంతా తిరగేసి, కుట్టు దారిలో నున్నగా అరగదీసి, మైనం దారంతో రెండు వరసలు కుట్టి, గొలుసు రింగు తోలులోకే దిగ్గొట్టిన పర్సు తీశాడు. చందా చాలకపోతే మిగతా ఆరువందలు తనే వేసుకున్నాడు. సీటు కింది సంచిలోని డబ్బంతా పర్సు లోపలి అరలో సర్దాడు.

సాయంత్రం అడ్డా రేకుల నీడన సక్దాకు వీడ్కోలు విందు: కాల్చిన పంది మాంసం, జిగురన్నం, ఐసు వేసిన బీరు. సక్దా పర్సు కన్ను మీద బొటనవేలు ఆనించి నుదుటికి తాకించుకున్నాడు.

"లోపలి అర చూడన్నా," అన్నాడు ప్రయూన్ చెవిలో.

సక్దా చూశాడు. నోట్లు లెక్కపెడుతూ పెదాలు కదిలాయి. ప్రయూన్‌కేసి కన్ను కొట్టాడు. కోటు తనదైనట్టే అనుకున్నాడు ప్రయూన్.

"చూశార్రా! నా కోటు తొడుక్కున్నవాడి మనసు! బోణీ అంటే ఇదీ!"

అంతా చప్పట్లు కొట్టారు.

"అన్నా, అది... బోణీ కాదు..."

"బోణీ వెనక్కడుగుతావా ఏంటన్నా?" అని చలోమ్ అరిచాడు. నవ్వులు. మనుషుల ముందు అడుక్కోకూడదని ప్రయూన్ జీవితమంతా కాపాడుకున్న బిగువు, సరిగ్గా అడగాల్సిన పూట అడ్డంపడింది.

"కోటు మా బావమరిది వినైకి ఖాయం చేశానురా," అన్నాడు సక్దా మాంసం ముక్క నములుతూ. "పొద్దున్నే డబ్బు తీసుకున్నా. విప్పి ఇచ్చెయ్. ఏమనుకోకు."

ప్రయూన్ విప్పి ఇచ్చాడు. పక్కనే కూర్చున్న వినై అది తొడుక్కుని, "తడిగా ఉందే," అని మొహం చిట్లించాడు.

సక్దా తన పాత పర్సులోని లాటరీ టికెట్లు, కార్డులు కొత్తదాంట్లోకి మార్చుకున్నాడు. పాతదాన్ని బల్ల మీదికి విసిరాడు. "ఇది నువ్వుంచుకోరా ప్రయూన్. వట్టి చేతుల్తో పోవద్దు."

ప్రయూన్ బండి తీశాడు. ఎటని ఎవరూ అడగలేదు. చలోమ్ ఇంకో బీరు మూత తీశాడు.

బల్ల మీద, మాంసం పుల్లల పక్కన, సక్దా పిర్ర వంపు తిరిగిన ఆ ఆవు తోలు పర్సు కుట్లు విచ్చి, ఖాళీగా నోరు తెరుచుకుని పడి ఉంది. అది ప్రయూన్‌కు పడింది పదిహేడు వేల ఆరువందల బాత్‌లకు.