క్రాంతి బేసిక్‌లో కొత్త కమాండ్

లత కోదాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. రోజూ చిలుకూరు నుంచి బస్సులో వచ్చిపోయేది. తమ్ముడు క్రాంతికి బేసిక్ అనే పాత కంప్యూటర్ భాషంటే పిచ్చి. ఎనభైల్లో రాసిన ప్రోగ్రాములు ఇప్పటి కంప్యూటర్లలోనూ నడిచేలా ఒక ఎమ్యులేటర్ తయారుచేసి, ఎవరైనా వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టాడు. 2009 వానాకాలంలో సూర్యాపేట నుంచి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది; దవాఖానలో ప్రాణం పోయింది.

దినాలు అయిపోయాక, అతని మెయిల్ మూసేద్దామని తెరిచింది లత. మిర్యాలగూడ నుంచి రాజారత్నం అనే రిటైరైన లెక్కల సారు రాశాడు. ‘క్రాంతి గారూ, వృత్తం వస్తోంది గానీ దాంట్లో రంగు నిండట్లేదు. పెయింట్ కమాండ్ చేర్చగలరా? నా పాత పాఠాలన్నీ అక్కడే ఆగిపోతున్నాయి.’

దవాఖానలోనూ ఆమెకు ఏడుపు రాలేదు. ఇప్పుడూ రాలేదు. క్రాంతి రాసిన కోడ్ తెరిచి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

రంగు నింపడం తేలిగ్గా కుదరలేదు. గీతలో ఎక్కడ సందు దొరికినా రంగు బయటికి పోయి తెరంతా ఎర్రబడేది. ఆమె దాన్ని కాసేపు చూసి, మళ్లీ దిద్దేది.

గొర్లను దొడ్డికి తోలి వచ్చిన తండ్రి చంద్రయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏం జేస్తున్నవ్ బిడ్డా?”

“తమ్ముని పని, నాయినా.”

“సగంల ఇడిసిపెట్టిండా?”

“లేదు. వాడు చేసింది మంచిగనే నడుస్తుంది. ఎవరో ఇంకోటి అడిగిన్రు.”

చంద్రయ్య చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

చివరికి రంగు గీత దగ్గర ఆగింది. తమ్ముడి మెయిల్ నుంచే సారుకు పంపించింది. ‘అద్భుతం క్రాంతి గారూ! పాట మోగించే కమాండ్ కూడా పెడితే..’ అని జవాబొచ్చింది. అదీ చేసింది. ఈసారి సారు తన నంబరిచ్చి, ఒకసారి కలవాలనుందని రాశాడు. లత ఫోన్ చేసింది.

“సార్, క్రాంతి లేడు. యాక్సిడెంట్ల పోయిండు. నేను అక్కను.”



“మరి రంగు, పాట.. అవి ఎవరు చేసిన్రమ్మా?”

“నేనే సార్.”

“అయ్యో.. తెలియక అడుగుతనే ఉన్న తల్లీ. నన్ను మన్నించు. ఇగ ఏమీ వద్దు.”

“వద్దనకండి సార్,” అంది లత. గొంతు ఎప్పటిలాగే ఉంది. “ఇంకేమన్న పని చేయకుంటే చెప్పండి.”

సారు ఆలోచించాడు. చుక్కల గీతలు రావడం లేదని మెల్లగా చెప్పాడు.

“సరే సార్, సూస్త,” అని ఫోన్ పెట్టేసి, కంప్యూటర్ ముందు కూర్చుంది.