అమెరికా బండికి కొబ్బరికాయ

దేముడికి ఆ బండితో పని ఏ కోశానా లేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో అతన్ని ఎరిగిన ప్రతివాడూ మొదట అడిగింది అదే. సొంత లారీలు తిప్పుకునే మనిషి కాదు, షెడ్డు పెట్టే ఉద్దేశం లేదు. గని స్టోర్లో కౌంటరు వెనక కూర్చుని బేరింగులూ బెల్టులూ తీసిచ్చే కొలువు. కంపెనీ క్వార్టరు, దాని ముందు నాలుగు వంగ మొక్కలు, ఒక బొప్పాయి చెట్టు. ఇంతే అతని సామ్రాజ్యం. అలాంటివాడికి లోయలో పడ్డ లారీలను పైకి లాగే క్రేన్ బండి ఎందుకయ్యా అంటే జవాబు ఒక్కటే. సరదా.

ఆ బండి మామూలుది కాదు. కొండ మీద ఇనుము తవ్వకం మొదలవక ముందు, ఇంకా రైలు పట్టాలు వేస్తున్న రోజుల్లో, రెండో ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన దాన్ని విశాఖపట్నంలో వేలంలో పాడుకుని కాంట్రాక్టరు చక్రధరరావు ఇక్కడికి తోలించాడు. అమెరికావాళ్ళ తయారీ. పొడుగు ముక్కు, వెనకాల ఇనుప దూలం, దానికి తీగతాడు, తాడు కొసన మనిషి తలకాయంత కొక్కెం. స్టీరింగు ఎడమవైపు. ఘాట్ రోడ్డు మీద ఏ లారీ జారినా ఇదే ఊగుతూ వెళ్ళి పట్టుకొచ్చేది. దేముడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్తలో డ్రైవింగు నేర్చుకున్నది దీని మీదే. ఇప్పుడది చక్రధరరావు షెడ్డు వెనక, టార్పాలిన్ కప్పుకుని, ఎర్రదుమ్ములో పడి ఉంది.

చక్రధరరావుకి వయసైపోయింది. షెడ్డు ఎత్తేసి విశాఖపట్నం వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేముందు దేముణ్ణి పిలిపించాడు.

"రాయపూర్ నుంచి తుక్కు కొనే కబాడీవాడు వస్తున్నాడోయ్. గ్యాసు కట్టరుతో ముక్కలు కోసి పట్టుకుపోతాడు. వాడిచ్చేదేదో నువ్వే ఇచ్చేయ్, బండి నీది. చేతులు కాల్చుకోమని చెప్పను గానీ, నీకు దాని మీద మమకారం ఉందని చెప్తున్నాను. విశ్వకర్మ పూజ రోజుకి ఏదో ఒక మాట తేల్చు."

అంతే, దేముడికి తిండి మీద ధ్యాస పోయింది. ఆదివారం పొద్దున్నే బకెట్టుతో నీళ్ళు కొట్టి బండి కడుగుతున్నట్టు, దాని హారను మోగిస్తే వీధి కుక్కలన్నీ ఒక్కసారి లేచినట్టు, పక్క ఊరు బచేలీ దాకా వెళ్ళి టీ తాగి మెల్లగా తిరిగొస్తున్నట్టు కూర్చున్నచోటే కలలు. స్టోర్లో తోటివాళ్ళు ఊరుకుంటారా? కూరల బజారుకి దీని మీదే వెళ్తావా, గుమ్మడికాయని కొక్కేనికి తగిలించి తెస్తావా అని ఆటపట్టించారు. దేముడు కూడా నవ్వాడు. వాళ్ళ నవ్వుకి అతను భయపడలేదు. అతని భయం వేరు.

అతనికో ఒట్టు ఉంది.

కొన్నేళ్ళ కిందటి వానాకాలం, టిప్పరు వేసుకుని కొండ దిగుతుంటే మలుపులో రోడ్డు అంచు కూలింది. బండి దొర్లి, కింద చెట్లకి తట్టుకుని ఆగింది. దేముడి కాలు లోపల ఇరుక్కుపోయింది. పై నుంచి కంపెనీ క్రేను రావడానికి దారి లేదు, కొండచరియ విరిగి అడ్డం పడింది. కింది నుంచి అమెరికా బండే వెళ్ళింది. దాని డ్రైవరు సోమారు, ఇక్కడి హల్బీ భాష మాట్లాడే మనిషి, తాడు కిందికి వదిలి టిప్పరుని జానెడు పైకెత్తి పట్టుకుంటే, మనుషులు దేముణ్ణి బయటికి లాగారు. ఇదంతా దేముడి భార్య గంగారత్నం, కబురు విని పరిగెత్తుకొచ్చి, ఆ వానలో రోడ్డు మీద నిలబడి చూసింది. ఆస్పత్రిలో అతను కళ్ళు తెరవగానే ఆమె చేసిన మొదటి పని, అతని చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకోవడం.

"ఇంక స్టీరింగు ముట్టుకోనని ఒట్టెయ్యి మావా."

వేశాడు. భార్య నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పితే కీడు తగిలేది వేసినవాడికి కాదు, ఆమెకి. దేముడు ఆ విషయంలో ఎవరి సైన్సూ వినే రకం కాదు. కుంటి కాలుతో వచ్చి స్టోరు కౌంటరు వెనక కూర్చున్నాడు.

పైగా గంగారత్నానికి ఆ బండి పొడ గిట్టదు. అలాగని ఆమె నోటితో ఎప్పుడూ అనలేదు. బజారుకి వెళ్తూ షెడ్డు ముందు నుంచి నడిచినప్పుడల్లా చెంగు నెత్తి మీదికి లాక్కునేది, తల వంచేది, పెదాలు కదిపేది, అడుగు జోరు చేసేది. ఆ వాన, ఆ లోయ గుర్తొచ్చి చూడలేకపోతోందని దేముడికి అర్థమైపోయింది. పాపం, ఎందుకు బాధపెట్టడమని, అప్పటినుంచి ఆమెని రైలు గేటు మీదుగా చుట్టుదారిలో తీసుకెళ్ళేవాడు. ఇంత బాగా కనిపెట్టుకునే మొగుడు ఆ కాలనీలో ఇంకోడు లేడని తనలో తను మురిసిపోయేవాడు కూడా. నోరు తెరిచి ఒక్కమాట అడగొచ్చు కదా అంటారా? కాపురం చేసినవాళ్ళని అడగండి, కొన్ని సంగతులు మనకి తెలిసిపోయాయనే ధీమాలో ఏళ్ళకేళ్ళు గడిచిపోతాయి.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు గని ఊళ్ళలో ఏ యంత్రమూ కదలదు. ప్రతి బండినీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేస్తారు. ఎవరి చేతిలో నడిచే బండికి వాళ్ళే కాయ కొట్టాలి. కాయ పడని బండికి మనిషి లేనట్టు లెక్క, తిన్నగా తుక్కులోకి పోతుంది. ఏడాది పొడుగునా కొండ మీదికి రానివ్వని కంపెనీ, ఆ ఒక్కరోజు ఆడవాళ్ళనీ పిల్లల్నీ బస్సుల్లో ఎక్కించి పైకి తీసుకెళ్ళి చూపిస్తుంది. పూజ రోజు యంత్రం కదలదన్న నియమం ఆ బస్సులకి మాత్రం ఎందుకు వర్తించదో నన్నడక్కండి. గంగారత్నం పొద్దున్నే పక్కింటి వరహాలమ్మతో కలిసి బస్సెక్కి వెళ్ళింది.

దేముడు స్టోర్లో పూజ కానిచ్చి షెడ్డుకి బయల్దేరాడు. వద్దని చెప్పేయడానికే. దారి పొడుగునా మనసులో అదే వల్లె వేసుకున్నాడు. వొద్దు బాబుగారూ, నా వల్ల అవదు, పట్టుకుపోమనండి.

షెడ్డులో మిగిలిన బండ్లన్నీ పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. వెనక అమెరికా బండి ఒక్కటే స్నానమైనా లేకుండా టార్పాలిన్ కింద ఉంది. దాని పక్కన సోమారు, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, ఊరికే నిలబడ్డాడు. ఆ ఏడే పని మానేసి ఊరికెళ్ళిపోయాడు, పూజకని వచ్చాడు.

"దీనికి కాయేదీ?" అన్నాడు దేముడు.

"నేను రిటైర్ అయిపోయా కదా భాయ్. ఇంక నా చెయ్యి దాని మీద లేదు." సోమారు రోడ్డు వైపు చూశాడు. "ఇంకొంచెం చూద్దాం."

దేముడు చూడలేకపోయాడు. టార్పాలిన్ ఒక పక్క ఎత్తాడు. పొడుగు ముక్కు, పగిలిన లైటు, ఏళ్ళ నాటి కుంకుమ మరక. తనని ఎత్తి పట్టుకున్న ఆ కొక్కెం. అతను ఏం చేశాడో అతనికే తెలియలేదు. పక్కన గంపలోంచి కాయ తీసి బంపరు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. కాయ సగానికి పగిలి నీళ్ళు ఎర్రమట్టిలో పడ్డాయి. షెడ్డంతా చప్పట్లు.

"అయితే బండి దేముడిదే!" అని చక్రధరరావు కుర్చీలోంచే కేకేశాడు.

వద్దనడానికి వచ్చిన మనిషి చేతులారా కొనేసుకున్నాడు. కాయ కొట్టాక కాదనడానికి లేదు. అంతమంది ముందు, అందులోనూ పూజ రోజు. దేముడు ఇంటికెళ్ళి ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని ఆలోచిస్తుండగానే కొండ దిగొచ్చిన బస్సు షెడ్డు ముందు ఆగింది. అందులోంచి గంగారత్నం దిగింది.

చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, దేముడు బండి వెనక్కి వెళ్ళి చక్రం చాటున కూర్చున్నాడు.

గంగారత్నం గబగబా వచ్చింది. బంపరు కింద కొబ్బరి చిప్పలు చూసి ఆగిపోయింది.

"సోమారన్నా, నాను రాకముందే కాయ ఎవులు కొట్టినారు?"

సోమారు గడ్డంతో చక్రం వైపు చూపించాడు. అంతకంటే చెయ్యడానికి ఏముంది, కుంటి కాలు ఎలాగూ బయటికే కనిపిస్తోంది.

దేముడు లేచి నిలబడి బట్టలు దులుపుకున్నాడు. "రత్నం, కోప్పడకు. నాను వొద్దని సెప్పడానికే వొచ్చినాను. సెయ్యి ఊరుకోనేదు. ఉత్తినే ఉంచుకుంతాను, నడపను. నీకు ఈ బండి సూస్తే బయమని నాకు తెలుసు…"

"నాకా? బయమా?" గంగారత్నం తెల్లబోయింది. "ఎవులు సెప్పినారు?"

"సెప్పాలేటి? ఇటు నడిసినప్పుడల్లా ముసుగేసుకుని తల దించుకుని పరిగెట్టవా?"

"దండం ఎట్టుకుంతన్నాను మావా!" అంది ఆమె. "రోడ్డు మీద పదిమందీ సూస్తే నవ్వుతారని ముసుగు కింద ఎట్టుకుంతన్నాను. నిన్ను గోతిలోంచి ఎత్తి నాకిచ్చింది కాదేటి ఇది? దీన్ని సూసి బయపడతానా నాను?"

సంచీలోంచి కొబ్బరికాయ తీసి చూపించింది. నీళ్ళున్న మంచి కాయ, పసుపు రాసి ఉంది. ఆ ప్రమాదం తరవాత వచ్చిన ప్రతి పూజకీ కాయ ఆమెదే. కొండ చూడటానికని బస్సెక్కడం, దిగేటప్పుడు ఇక్కడ ఆగి సోమారు చేత కొట్టించడం. సోమారు ఇందాక రోడ్డు వైపు చూసింది ఆమె కోసమే.

"మరి నాతో ఒక్కమాట అననేదేటి?"

"నువ్వేటి సేసినావు? నన్ను రైలు గేటు మీంచి సుట్టు తిప్పుతుంటే, పడ్డది గేపకమొచ్చి నువ్వే దీన్ని సూడలేకపోతన్నావనుకున్నాను. మానిన పుండు గెలకడమెందుకని నోరు మూసుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "కబాడీవోడు కోసి పట్టుకుపోతాడని ఇన్న కాడినుంచి అన్నం సయించనేదు మావా. ఆకరి కాయ కొట్టించి ఎల్దారని వొచ్చినాను."

దేముడు బానెట్టుకి చేరగిలబడ్డాడు. ఇన్నాళ్ళుగా ఛాతీ మీద ఉన్న బరువేదో దిగింది. ఎంత తేలికైందంటే, నవ్వు దానంతటదే వచ్చింది, ఆగలేదు. గంగారత్నం ముందు కోప్పడింది, తరవాత తనూ నవ్వింది. తెచ్చిన కాయ వృథా కాకుండా అదీ కొట్టించారు. ఆ సాయంత్రం ఇద్దరూ చుట్టుదారి మానేసి షెడ్డు ముందు నుంచే ఇంటికి నడిచారు. ఆమె ముసుగు వేసుకోకుండా, నిలబడి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు బండిని ఇంటికి తేవాలి. ఎన్నాళ్ళుగానో కదలని ఇంజను ఒక దగ్గు దగ్గి ఊరుకుంది. చివరికి చక్రధరరావు ట్రాక్టరు తెచ్చి ముందు తాడు కట్టారు. ఊళ్ళో బండ్లన్నిటినీ లాగిన బండిని ఇప్పుడు ట్రాక్టరు లాగాలి. చూడ్డానికి బజారు సగం వచ్చింది. లాగుతున్నా సరే, లోపల స్టీరింగు ఒకరు పట్టుకోవాలి కదా. దేముడు కిందే నిలబడి సోమారుని ఎక్కమన్నాడు.

ఈలోగా గంగారత్నం, ఏ లారీలోనైనా పక్క సీటు ఉండేది ఎడమవైపే కదా అని, అలవాటుగా ఎడమ తలుపు తీసి ఎక్కి కూర్చుంది. ఎదురుగా స్టీరింగు కనిపించేసరికి కెవ్వుమంది. బజారంతా ఘొల్లుమంది.

"అమెరికావోడి బుద్దే తిరకాసు," అని తిట్టుకుంటూ కుడిపక్కకి జరిగింది. జరిగి, ఖాళీ అయిన సీటు తట్టింది. "రా మావా."

"ఒట్టుంది కదే," అన్నాడు దేముడు మెల్లగా. ఈసారి అతను నవ్వడం లేదు. "నీ నెత్తి మీద సెయ్యెట్టి ఏసినాను."

"ఎక్కు ముందు."

ఎక్కాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గంగారత్నం అతని కుడిచెయ్యి తీసి, ఆస్పత్రిలో పెట్టుకున్నట్టే, తన నెత్తిన పెట్టుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరవాత ఆ చేతిని తనే ఎత్తి స్టీరింగు మీద పెట్టింది.

"ఒట్టు తీసి గట్టునెట్టీసినాను. ఈ ఒక్క బండికే. నాను పక్కనుంటేనే."

దేముడి వేళ్ళు చక్రం చుట్టూ బిగిశాయి. ముందు ట్రాక్టరు పొగ వదిలి లాగింది, తాడు బిగుసుకుంది, అమెరికా బండి ఒళ్ళంతా కిర్రుమంటూ కదిలింది. అతనికి కళ్ళు మసకబారి రోడ్డు సరిగ్గా కనిపించలేదు.

"సూసి తిప్పు," అంది గంగారత్నం. "నా బొప్పాయి సెట్టు జోలికి మాత్రం రాకు."