రెండో తీగ

...కాదు పెద్దమ్మాయీ, ఆ మాట కొట్టెయ్యి. పంపు పాడైందని రాయకు. పంపుకేం రోగం లేదు. నేను చెప్పినట్టే రాయి, నిదానంగానే చెప్తాగా.

మొక్కజొన్న మోకాలెత్తు వచ్చింది, ఆకు సుడుల్లో పురుగు దిగింది. నీ తమ్ముడేమో కాలికి కట్టుతో ఆస్పత్రి మంచం మీద. కాలు విరక్కముందే ట్రాక్టరు వెనక లాగే మందు ట్యాంకుకి కరెంటు పంపు బిగించి, ట్రాక్టరు బ్యాటరీ నుంచి తీగ ఇచ్చి పెట్టాడు. సరే, కోడలు ట్రాక్టరు ఎక్కింది, నేను వెనక నడిచాను. రెండు చాళ్లు తడిశాయి. మూడోదానికి పంపు ఆగింది. మళ్లీ ఆడింది. మళ్లీ ఆగింది.

మెకానిక్కుకి ఫోన్ చేస్తే, "పంపు విప్పి పట్టుకురండి, నాలుగు రోజుల్లో చూస్తా" అన్నాడు. నాలుగు రోజులంటే పురుగుకి విందు భోజనమే. కోడలు నీ తమ్ముడికి చెబితే, "ఇంకేం మిగులుతుంది, దున్నిపారేద్దాం" అన్నాడట. ఆ మాట నాకు చెప్తూ నా మొహం చూడలేదు పిల్ల.

"దున్నాలంటే వాడు లేచి రావాలిగా. ఈలోపు మనం మందు కొట్టేద్దాం" అన్నాను.

"దేంతో కొడతాం మామయ్యా? నోటితో ఊదుతామా?"

"ముందు నువ్వు బండి పోనీ."

నాకు చదువు లేకపోయినా చెవులున్నాయి. మిట్ట ఎక్కేటప్పుడు పంపు గుయ్యిమంటోంది. పల్లానికి దిగేటప్పుడు, ట్యాంకు వచ్చి ట్రాక్టరుని తోసినప్పుడు, నోరు మూస్తోంది. ఆరుసార్లు నడిచాను. ఆరుసార్లూ అంతే. పల్లంలో బండి ఆపమన్నాను, పంపు స్విచ్చి మాత్రం కట్టెయ్యొద్దన్నాను. ట్యాంకు తగిలించే కొక్కెంలో పిన్ను లొడలొడలాడుతోంది, చుట్టూ తుప్పు. పానా తీసుకుని ఒక కొస ట్రాక్టరు ఇనుముకి, ఇంకో కొస ట్యాంకు చట్రానికి అదిమి పట్టాను. గుయ్యిమంది!

కోడలు సీటు మీంచి దిగొచ్చింది. "ఏం మంత్రం వేశారు?"

"మీ ఆయన ఎర్ర తీగ ఒక్కటే లాగాడు. కరెంటు వెనక్కి బ్యాటరీకి పోవడానికి బండి ఇనుము చాలనుకున్నాడు. ట్రాక్టరు దీపాలకైతే చాలు. దీనికి మధ్యలో పిన్నుంది. లాగితే అంటుకుంటుంది, తోస్తే వదిలేస్తుంది."

"అయితే పానా పట్టుకుని పొలమంతా నడవండి" అని నవ్వింది.

"నీ మోకాళ్లు అప్పివ్వు, నడుస్తా."

ఇంజను ఆపి, బ్యాటరీ తీగ విప్పించాను. కొట్టంలో మందపాటి నల్ల తీగ ఉంటే పంపు నుంచి నేరుగా బ్యాటరీ మైనస్ దాకా లాగాం. నేను బిగుతుగా కట్టేస్తుంటే కోడలు చెయ్యి పట్టుకుంది. "మలుపు తిప్పితే తెగిపోదూ?" నిజమే. మూరెడు వదులిచ్చాం. ట్యాంకు విప్పేటప్పుడు ఊడదీయడానికి రెండు తీగలకీ కలిపి కొక్కెం దగ్గర ప్లగ్గు పెట్టాం. ప్లగ్గు రెండుసార్లు తిరగేసి బిగించి మళ్లీ సరిచేశాను, వేలు చీరుకుంది, పిల్ల నన్ను తిట్టింది. అది రాయకు. సరే, రాయి.

బండి పల్లానికి దిగింది. నేను చెవి పంపు మీదే పెట్టి వెనక నడిచాను. పంపు ఆగలేదు. పొద్దు వాలేలోపు చివరి చాలు దాకా కొట్టేశాం. ఇవాళ పొద్దున్న సుడులు విప్పి చూశాను. పురుగులు వడిలిపోయి రాలుతున్నాయి.

నువ్వు ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఇది తమ్ముడికి చదివి వినిపించు. ఎర్ర తీగ బాగానే లాగాడని ముందు చెప్పు. దున్నేది లేదని ఆ తర్వాత చెప్పు.