తెల్ల బండికి పాత పళ్లు

కొండ దారి మూడో మలుపులో బండి ఆగిపోయింది. ముందు ఒక దగ్గు దగ్గింది. తర్వాత ఇనుప సామాన్ల సంచీని మెట్ల మీంచి దొర్లించినట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. వెనక నలభై సిమెంటు కుండీలున్నాయి. కుండీలమ్మ తలుపు తీసి ఒక్క గెంతు గెంతి, చేతికందిన రాళ్లు తెచ్చి వెనక చక్రాల కింద తోసింది. ఆమె భర్త మాత్రం స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"దిక్కుమాలిన ఇంజను," అన్నాడు చివరికి. "తయారుచేసినవాణ్ణి అనాలి."

కుండీలమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తుండాలి. కొండ కింద రేకుల షెడ్డులో పూలమొక్కలకి సిమెంటు కుండీలు పోస్తుంది. కొండ మీద మొక్కలమ్మేవాళ్లు వాటిని కొంటారు. పోయడం ఆమె వంతు, పైకి చేర్చడం భర్త వంతు. పద్దెనిమిదేళ్లుగా అదే ఏర్పాటు. ఏ వస్తువునైనా విప్పి చూడందే ఆమెకి నిద్ర పట్టదు. పెళ్లైన కొత్తలో గోడ గడియారం విప్పేసి, మూడు రోజులు ఇంటిల్లిపాదికీ టైము తెలియకుండా చేసిన మనిషి.

ఇంజను పట్టేసిందని, ఇక దాని మీద ఆశ వదులుకోమని చెప్పింది చెవి బాబాయ్. ఆమె నాన్నకి తమ్ముడు, మెకానిక్కు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి రోగం చెబుతాడు కాబట్టి ఆ పేరు. చచ్చిన బండిని తాడు కట్టి లాగించి తన షెడ్డు ముందు పెట్టుకున్నాడు.

ఇక ఇంకో బండి చూసుకోక తప్పదు. రెండు దొరికాయి. ఒకటి మంచాలు, బీరువాలు అమ్మే ఆయనది. తెల్లది, పెద్ద ఇంజను, తాళం తిప్పగానే గురక పెట్టినంత నిబ్బరంగా పలుకుతుంది. రెండోది ఐసు ఫ్యాక్టరీ ఆయనది. ఆకుపచ్చది, చిన్న ఇంజను.

"తెల్లదే!" అన్నాడు భర్త ఒక్క చుట్టు తిప్పుకొచ్చి. "గుర్రమే అనుకో. ఆ పచ్చది గాడిద."

"కొండెక్కేది గాడిదే అల్లుడు గారూ," అన్నాడు బాబాయ్.

"అదెలా బాబాయ్? బలం ఎక్కువున్నది కదా బరువు లాగాలి?" అంది కుండీలమ్మ.

బాబాయ్ చెబుదామని నోరు తెరిచి, ఈమెకి చెబితే సరిపోదు, చూపించాలని గుర్తొచ్చి మూసుకున్నాడు. తెల్ల బండి ముందు చక్రాలకి రాళ్లు పెట్టి, గేరు తీసేసి, వెనక ఒక చక్రాన్ని జాకీ మీద లేపాడు. ఆ చక్రం మీద సుద్దతో ఒక గీత గీశాడు. ఇంజను దగ్గర్నుంచి వెనక్కి వచ్చే పొడుగాటి షాఫ్టు మీద ఇంకో గీత.

"నేను చక్రం తిప్పుతా. నువ్వు కింద పడుకుని షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టు. రెండో చక్రం నేల మీదే ఉంది కాబట్టి, రెండు చుట్లు తిప్పితే ఒక చుట్టు కింద లెక్క."

ఆమె కొంగు బిగించి బండి కిందకి దూరింది. "ఒకటి... రెండు... మూడు... నాలుగు నిండలేదు బాబాయ్! ఇంకా బెత్తెడు ఉంది."

పచ్చ బండి కింద లెక్కపెడితే ఇంచుమించు ఐదు వచ్చింది.

ఆమె వీపుకంటిన మట్టి కూడా దులుపుకోకుండా సరాసరి తన షెడ్డుకి వెళ్లి సిమెంటు కలిపే మిక్సరు ముందు గొంతుకూర్చుంది. మోటారు దగ్గర చిన్న పళ్లచక్రం, డ్రమ్ము చుట్టూ పెద్ద పళ్ల పట్టీ. రోజూ కళ్ల ముందే తిరుగుతున్నా ఒక్కనాడూ లెక్కపెట్టలేదు. చిన్నది పరుగులు పెడుతుంటే పెద్దది బద్ధకంగా దొర్లుతుంది. అందుకే కదా నా పిడికెడు మోటారు అంత బరువుని తిప్పగలుగుతోంది, అనుకుంది. వేగం వదులుకుంటే బలం వస్తుంది, పచ్చ బండి ఐదు చుట్ల సంగతీ ఇదే. ఇన్నేళ్లూ పక్కనే ఉండి ఈ సంగతి నాకు చెప్పలేదేమే, అన్నట్టు మిక్సరు వైపు చూసింది.

మర్నాడు రెండు బండ్లలోనూ నలభై కుండీల చొప్పున ఎక్కించమంది.

"కొనకుండానే మోయిస్తావా?" అన్నాడు మంచాలాయన.

"మోయకుండా ఎలా కొంటామండీ?" అంది ఆమె. ఆయన నవ్వి తాళం ఇచ్చేశాడు.

తెల్ల బండి మొదటి రెండు మలుపులూ హుషారుగా ఎక్కింది. మూడో మలుపులో ఎదురుగా ఎవరో సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే ఆగాల్సొచ్చింది. మళ్లీ కదిలేటప్పుడు మొదటి గేరులో కూడా ఒళ్లంతా వణికింది. భర్త క్లచ్చు సగం నొక్కి పట్టి ఎలాగో లాక్కెళ్లాడు గానీ, పైకి చేరేసరికి కాలిన వాసన ముక్కు పుటాలు అదరగొట్టింది. "రోజూ ఇలా ఎక్కితే క్లచ్చు మూడు నెలలు," అన్నాడు బాబాయ్. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. "కానీ అమ్మాయ్, ఇంజను మాత్రం ముత్యం. చదును రోడ్ల మీద మంచాలు మోసిన బండి ఇది. దీనికి కష్టమంటే ఏమిటో తెలీదు."

పచ్చ బండి దగ్గరికి వెళ్లగానే కుండీలమ్మ బానెట్టు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. పెనంలా కాలుతోంది.

"ఇప్పుడే అలా బజారుకి వెళ్లొచ్చా," అన్నాడు ఐసాయన. ఎవరూ అడగలేదు.

"ఫరవాలేదు, చల్లారేదాకా కూర్చుంటాం," అని ఆమె ఒక కుండీ బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఐసాయన రెండుసార్లు మంచినీళ్లిచ్చాడు, ఒకసారి తనకి పనుందన్నాడు, ఇంకోసారి వాన వచ్చేలా ఉందన్నాడు. ఆమె కదల్లేదు. రెండు గంటలు గడిచాక తాళం తిప్పితే, బండి ఏడుస్తూ ఏడుస్తూ లేచి నీలం పొగ కక్కింది. కొండ మాత్రం నిక్షేపంగా ఎక్కింది. మూడో మలుపులో కావాలని ఆపించి మళ్లీ కదిలిస్తే, వణుకు లేదు, వాసన లేదు, మనిషి నడిచినట్టు నింపాదిగా వెళ్లింది. పైకెక్కాక బాబాయ్ ఆయిలు పోసే మూత విప్పాడు. రైలింజనులా గుప్పుగుప్పున పొగ.

"పైన పటారం, లోన లొటారం," అన్నాడు. "కాళ్లున్నాయి, గుండె లేదు."

సాయంత్రం ముగ్గురూ బాబాయ్ షెడ్డులో చేరారు. ఒకదానికి ఇంజను బాగుంది, ఇంకోదానికి గేర్లు బాగున్నాయి. భర్త విసుగ్గా, "ఎప్పుడూ ఇంతే. మన పాతది కూడా ఇలాంటి దిక్కుమాలినదే," అన్నాడు.

ఆ మాటకి కుండీలమ్మ తలెత్తింది. "బాబాయ్, మన పాతదాని లెక్క ఎంత?"

"చచ్చినదాని జాతకం ఎందుకమ్మా?"

"ఊరికే. తెలుసుకుందామని."

జాకీ మళ్లీ లేచింది. సుద్ద గీత, చుట్లు. ఐదుకి కాస్త తక్కువ, అచ్చం పచ్చ బండిలాగే.

"అంటే దీని గేర్లు కొండకి సరిపోయినవే," అంది ఆమె నెమ్మదిగా. "మరి ఇంజను ఎందుకు చచ్చింది?"

బాబాయ్ బల్ల కిందనుంచి ఒక డబ్బా తీశాడు. పాత ఇంజను విప్పినప్పుడు దాచినవి. అర్ధచంద్రంలా వంగిన పల్చటి లోహపు రేకులు. వెండిలా ఉండాల్సినవి అరిగిపోయి లోపలి రాగిరంగు బయటపడింది.

"ఇవి ఇంజను లోపల తిరిగే ఇరుసుకి పరుపుల్లాంటివి. వీటి మీద ఆయిలు పొరలా నిలబడాలి. ఇంజను చురుగ్గా తిరిగితేనే ఆ పొర నిలుస్తుంది. నీరసంగా తిరుగుతున్నదాని మీద బరువంతా మోపితే పొర తెగి, ఇనుము ఇనుముని నాకేస్తుంది." ఎటో చూస్తూ అడిగాడు. "అల్లుడు గారూ, కొండ ఏ గేరులో ఎక్కిస్తారు?"

"మూడో గేరులో," అన్నాడు భర్త గర్వంగానే. "మిగతావాళ్లలా ఇంజనుని అరిపించను నేను. చప్పుడు లేకుండా..." అని ఆగిపోయాడు. డబ్బాలోని రేకుల వైపు చూశాడు.

ఇంటికెళ్లాక నాలుగు దులిపేద్దామని కుండీలమ్మ నాలుక చివర చాలా మాటలు వరసలో నిలబడ్డాయి. కానీ ఆయన ఒక రేకుని తీసి బొటనవేలితో రుద్దుతున్న తీరు చూసి ఆమెకి కోపం బదులు ఇంకేదో వచ్చింది.

"మా నాన్న నేర్పాడు," అన్నాడు ఆయన. "ఇంజను అరిస్తే డీజిలు తాగుతున్నట్టేరా అనేవాడు. డీజిలు డబ్బా సైకిలు మీద తెచ్చుకునే రోజులు. అది అరిస్తే నాకు ఇప్పటికీ ఆయన నన్ను తిడుతున్నట్టే ఉంటుంది."

"పక్కన కూర్చుని నేనూ పద్దెనిమిదేళ్లు విన్నాను కదండీ," అంది ఆమె. "గడియారం విప్పాను గానీ, ఆ మూలుగు ఏమిటని ఒక్కసారీ అడగలేదు. తిలాపాపం తలా పిడికెడు."

ఆయన రేకుని డబ్బాలో వేశాడు. కుండీలమ్మ మాత్రం పాత బండి వెనక ఇరుసు మధ్యలో, షాఫ్టు తిప్పుడుని చక్రాలకి అందించే పళ్లచక్రాలు దాగిన గుండ్రటి ఇనుప బుర్ర వైపు చూస్తోంది.

"బాబాయ్, ఆ తెల్లది కూడా ఈ కంపెనీదే కదా?"

"అదే. పదేళ్ల తేడా."

"దీని పళ్లు దానికి పెడితే?"

బాబాయ్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే టేపు తీసుకుని లేచాడు. బోల్టులు లెక్కపెట్టేటప్పటికి నవ్వు తగ్గింది. షాఫ్టు చివర కొలిచేటప్పటికి పూర్తిగా ఆగిపోయింది. "నలభై ఏళ్లనుంచి ఈ పనిలో ఉన్నా," అన్నాడు తనలో తాను, "నాకెందుకు తట్టలేదు?"

తెల్ల బండి వాళ్లదైంది. దాని వెనక ఇరుసు లోపలి పళ్లచక్రాలు రెండూ తీసి, పాతదానివి కడిగి బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు పొద్దున్నే నలభై కుండీలు ఎక్కించుకుని బయల్దేరారు. కొండ మొదట్లోనే భర్త రెండో గేరులోకి మార్చాడు. ఇంజను గట్టిగా అరిచింది. ఆయన భుజాలు బిగుసుకున్నాయి. కుండీలమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "అరవనీయండి, అది తిట్టు కాదు," అంది. బండి ఆగకుండా ఎక్కేసింది.

ఖాళీ బండితో చదును రోడ్డు మీదకి వచ్చాక ఆయనకి హుషారొచ్చింది. "చూశావా, అరవై! వేగం పోతుందన్నాడు మీ బాబాయ్."

అంతలో ఒక ముసలాయన మోపెడు మీద తాపీగా వాళ్లని దాటి వెళ్లిపోయాడు.

కుండీలమ్మ మీటరు వైపు చూసింది, రోడ్డు పక్కన వెనక్కి వెళుతున్న కిలోమీటరు రాళ్ల వైపు చూసింది, పెదాలు కదుపుతూ లెక్క కట్టింది. మీటరు తీగ షాఫ్టు దగ్గర్నుంచి వస్తుంది. షాఫ్టు ఇప్పుడు చక్రం ఒక్క చుట్టుకి ఐదు చుట్లు తిరుగుతోంది, మీటరు మాత్రం ఇంకా నాలుగే అనుకుని లేని వేగం చూపిస్తోంది.

"ఏవండీ," అంది నవ్వు ఆపుకుంటూ, "ఒక్కసారి పక్కకి ఆపండి. ఈ మీటరు ఎలా విప్పాలో చూద్దాం."